డాక్టర్ సలహా: గోల్ఫ్ ఆడితే నడుము, మోచేయి నొప్పి… బంతిని ఎక్కడ ఉంచుతున్నారో చూసుకోండి

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో గోల్ఫ్ నేర్చుకున్నాను. పదవీ విరమణ తరువాత సోంపేట మండలంలోని మా ఊరికి వచ్చేశాను. 2018లో తిత్లీ తుపానుకు మా తోటలో కొబ్బరిచెట్లు కూలిపోయిన జాగాలో చేపల వల కట్టి, సిమెంటు కళ్లం మీద రబ్బరు చాప పరచి, రోజూ ఉదయం వంద బంతులు కొడుతున్నాను. దూరం కొట్టే పొడవాటి డ్రైవర్, మధ్యరకం 7 ఐరన్, ఇసుకలోంచి లేపే పొట్టి శాండ్ వెడ్జ్, ఏ క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) పట్టినా బంతిని ఎడమ మడమకు ఎదురుగానే పెడతాను. పాతతరం అమెరికా గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ అలాగే ఆడేవాడని ఒక వీడియోలో చెప్పారు. మూడు నెలలుగా నడుము కుడివైపున, కుడి మోచేయి లోపలి పక్కన నొప్పి వస్తోంది. మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మానితే మళ్లీ వస్తుంది. ఆరేళ్లుగా బీపీకి మందు వాడుతున్నాను. ఆట మానేయాలా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఆట శాశ్వతంగా మానవలసిన అవసరం కనిపించడం లేదు. కానీ కొన్ని వారాలు ఆపాలి, ఆ తరువాత ఆడే పద్ధతి మార్చుకోవాలి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన వాక్యం నొప్పి గురించి రాసినది కాదు, ఏ క్లబ్బుకైనా బంతి ఎడమ మడమకు ఎదురుగానే ఉంటుందన్నది. మీ నడుము, మోచేయి రెండూ ఆ ఒక్క అలవాటుకు సర్దుకోవడానికి మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాయని నా అంచనా.

దాని సంగతికి వెళ్లేముందు మాత్ర గురించి చెప్పాలి, ఎందుకంటే అది రేపటికి వాయిదా వేయదగిన విషయం కాదు. మీరు ఉంటున్నది ఉద్దానంలో. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించవలసి వచ్చిందంటేనే సమస్య ఎంతటిదో తెలుస్తుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందే తీరును దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి, కొన్ని రకాల బీపీ మందులతో కలిసినప్పుడు ఆ హాని మరింత ఎక్కువవుతుంది. చెమట కారేలా వంద బంతులు కొట్టి, తగినంత నీళ్లు తాగకుండా, ఆ పైన ఈ మాత్ర వేసుకోవడం మూత్రపిండాలను మూడు వైపుల నుంచి ఒత్తిడికి గురిచేయడమే. ఈరోజే దాన్ని ఆపండి. బీపీ మందును మాత్రం సొంతంగా ఆపవద్దు. ఈ వారంలోనే బీపీ చూపించుకొని, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకొని, ఆ రిపోర్టులు మీ బీపీ డాక్టరుకు చూపించండి. అవి వచ్చేవరకు నొప్పి భరించలేనంతగా ఉంటే పారాసెటమాల్ ఎంత మోతాదులో వాడవచ్చో ఆయననే అడగండి.

ఇక బంతి సంగతి. క్లబ్బు తల గాలిలో ఒక పెద్ద చాపంలా తిరిగి వస్తుంది. కుడిచేతి వాటం ఆటగాడికి ఆ చాపం నేలకు అతి దగ్గరగా వచ్చే చోటు సుమారుగా ఎడమ చంకకు కింద ఉంటుంది. ఐరన్లతో ఆడేటప్పుడు క్లబ్బు ఇంకా కిందికి దిగుతూ ఉండగానే బంతికి తగలాలి, నేల ఆ తరువాత తగలాలి. అందుకే మంచి ఆటగాళ్లు కొట్టినప్పుడు గడ్డి పెళ్ల బంతి ఉన్న చోటికి ముందువైపున, అంటే లక్ష్యం వైపున, లేస్తుంది. డ్రైవర్ విషయం వేరు. అక్కడ బంతి టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద ఎత్తులో ఉంటుంది కాబట్టి క్లబ్బు అట్టడుగు దాటి, పైకి లేవడం మొదలుపెట్టిన తరువాత తగిలితేనే మేలు. అంటే ఒకే చాపం మీద రెండు వేర్వేరు చోట్ల బంతిని కలుసుకోవాలి. శరీరం కదలకుండా బంతి చోటు మారడం ఒక మార్గం. బంతి చోటు మారకపోతే శరీరం కదిలి ఆ తేడాను పూడ్చవలసి వస్తుంది. మీకు జరుగుతున్నది ఈ రెండోదే.

హోగన్ గురించి మీరు విన్నది అబద్ధం కాదు, సగమే విన్నారు. ఆయన బంతిని దాదాపు ఒకే చోట, ఎడమ మడమకు కాస్త లోపలగా ఉంచేవారు. కానీ క్లబ్బు పొట్టిదయ్యేకొద్దీ కుడి పాదాన్ని ఎడమ పాదానికి దగ్గరగా జరిపేవారు. పాదాల మధ్య ఎడం తగ్గినప్పుడు, ఎడమ మడమ నుంచి కొలిస్తే బంతి అక్కడే ఉన్నా, శరీరం మధ్య నుంచి చూస్తే అది వెనక్కు జరిగినట్టే అవుతుంది. పైగా రోజంతా సాధన చేసిన ఆ శరీరం బరువును ఎడమ కాలి మీదికి తేలికగా మార్చగలిగేది. మీరు బంతిని ఒకచోట ఉంచారు గాని, వెడ్జ్ పట్టినప్పుడు కూడా డ్రైవర్‌కు నిలబడినంత వెడల్పుగానే నిలబడుతున్నారని నాకు అనిపిస్తోంది. అలా నిలబడితే శాండ్ వెడ్జ్‌కు బంతి అందనంత ముందుకు పోతుంది.

అప్పుడు శరీరం ఏం చేస్తుందో చూడండి. ముందుకు పోయిన బంతిని అందుకోవడానికి నడుము కింది భాగం లక్ష్యం వైపు జారుతుంది, తల, ఛాతీ వెనకే ఉండిపోతాయి, బంతి తగిలే క్షణానికి మొండెం కుడివైపుకు వంగి, అదే సమయంలో ఎడమవైపుకు మెలితిరుగుతుంది. ఒక పక్కకు వంగుతూ మెలితిరగడం నడుముకు అతి కష్టమైన కదలిక. వెన్నుపూసలను వెనుక వైపున కలిపే చిన్న కీళ్లు, వీటిని ఫాసెట్ కీళ్లు అంటాము, కుడివైపున ఒకదానినొకటి నొక్కుకుంటాయి. మీ నొప్పి కుడివైపునే ఉండడానికి ఇదే కారణమని అనుకుంటున్నాను. మన నడుములోని ఒక్కో వెన్నుపూస దాని కింది దాని మీద తిరగగలిగేది సుమారు 2 డిగ్రీలు మాత్రమే. స్వింగ్‌లో, అంటే క్లబ్బును వెనక్కు తిప్పి కొట్టే కదలికలో, భుజాలు 90 డిగ్రీల దాకా తిరుగుతాయి కదా, ఆ తిరుగుడు ఎక్కడి నుంచి రావాలి? ఛాతీ వెనుక వెన్నెముక నుంచి, తుంటి కీళ్ల నుంచి, పాదాల నుంచి రావాలి. అవి బిగుసుకుపోతే ఆ లోటును నడుము మోస్తుంది. గోల్ఫ్ స్వింగ్‌లో నడుము డిస్కుల మీద శరీర బరువుకు 8 రెట్ల వరకు ఒత్తిడి పడుతుందని పరిశోధకులు కొలిచారు. 70 కిలోల మనిషికి అది 560 కిలోలు. తిన్నగా పడిన ఒత్తిడిని డిస్కు చాలా వరకు తట్టుకుంటుంది, మెలికతో కలిసి పడినదాన్ని తట్టుకోలేదు. టైగర్ వుడ్స్ 2017లో నడుములోని చివరి వెన్నుపూసను దాని కింది ఎముకతో కలిపే శస్త్రచికిత్స చేయించుకొని, 2019లో మళ్లీ మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిచిన సంగతిని కొందరు రోగులు నా దగ్గర ధైర్యంగా ప్రస్తావిస్తుంటారు. ఆ ఉదాహరణ మనకు అక్కరలేదు, ఆ దాకా వెళ్లకుండా చూసుకోవడమే మన పని.

కుడిచేతి వాటం ఆటగాడిగా మీరు పాటించవలసిన చోట్లు ఇవి. డ్రైవర్‌కు పాదాల మధ్య ఎడం భుజాల వెడల్పుకు కాస్త మించి ఉండాలి, బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా, టీ మీద ఉండాలి. డ్రైవర్ కంటే కాస్త పొట్టివైన 5 వుడ్ వంటివి ఉంటే బంతి దానికంటే ఒకటి రెండు అంగుళాలు లోపలికి రావాలి. 7 ఐరన్‌కు పాదాలు భుజాలంత వెడల్పు, బంతి పాదాల నడిమికి కొద్దిగా ఎడమవైపు. 9 ఐరన్‌కు, వెడ్జ్‌లకు పాదాలు ఇంకా దగ్గరగా, బంతి సరిగ్గా నడిమిన. ఇసుక గుంత నుంచి శాండ్ వెడ్జ్‌తో లేపేటప్పుడు మాత్రం క్లబ్బు ముందు ఇసుకను తాకాలి కాబట్టి బంతి కాస్త ముందుకు పోవచ్చు. ఎడమ పాదాన్ని నిటారుగా కాక, 20 నుంచి 30 డిగ్రీలు లక్ష్యం వైపు తిప్పి ఉంచండి; మీ వయసులో ఎడమ తుంటికి, మోకాలికి, వాటి ద్వారా నడుముకు ఇది చేసే మేలు చాలా ఎక్కువ. క్లబ్బు వెనక్కు తీసుకెళ్లేటప్పుడు ఎడమ మడమ నేల నుంచి కొద్దిగా లేచినా తప్పులేదు. నడుము కింది భాగాన్ని కదలకుండా బిగించి, భుజాలను మాత్రమే తిప్పమనే పాఠం ఇరవై ఏళ్ల కుర్రవాడికి సరిపోవచ్చు, 58 ఏళ్ల వెన్నెముకకు నేను దాన్ని సమ్మతించను.

బంతి పాదాలకు ఎంత దూరంలో ఉందన్నది కూడా చూడాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. నిలబడి, నడుము గుండ్రంగా వంగకుండా తుంటి దగ్గర వంగి, చేతులను భుజాల నుంచి తేలికగా వేలాడనివ్వండి. అప్పుడు క్లబ్బు పట్టు (గ్రిప్) చివరకు, తొడకు మధ్య వెడ్జ్‌తో పిడికిలి పట్టేంత ఎడం, డ్రైవర్‌తో అంతకంటే కొంచెం ఎక్కువ, జానెడుకు మించకుండా ఉంటే చాలు. అంతకంటే దూరంగా పెడితే వీపు గూనిలా వంగుతుంది, మరీ దగ్గరగా పెడితే స్వింగ్ మధ్యలో నిటారుగా లేచిపోవలసి వస్తుంది. రెండూ నడుముకే చేటు.

ఇది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మీకు అద్దం గాని, కెమెరా గాని అక్కరలేదు, మీ తోటలోని ఇసుకే చెబుతుంది. ఆ నేల మీకు దొరికిన అదృష్టం. నొప్పి తగ్గిన తరువాత ఇసుకలో, లక్ష్యం వైపు చూసే దిశకు అడ్డంగా, మీ పాదాల మధ్య నుంచి ఒక గీత గీయండి. బంతి పెట్టకుండా, 7 ఐరన్‌తో సగం వేగంతో స్వింగ్ చేసి, ఇసుక ఎక్కడ చెదిరిందో చూడండి. గీత మీదనో, గీత దాటి ఎడమవైపో చెదిరితే బరువు సక్రమంగా మారుతున్నదని అర్థం. గీతకు కుడివైపున చెదిరితే మీరు వెనకనున్న కుడి కాలి మీదే ఉండిపోతున్నారు. పది సార్లలో ఏడెనిమిది సార్లు సరైన చోట చెదిరేవరకు బంతి జోలికి పోకండి.

మోచేయి నొప్పికి సగం కారణం సిమెంటు కళ్లమే. బంతి మరీ ముందుకు ఉన్నందువల్ల క్లబ్బు ముందుగా చాపను, దాని కింది గచ్చును తాకుతోంది. మైదానంలో అయితే మట్టి లొంగుతుంది, గచ్చు లొంగదు. ఆ అదురు పట్టు గుండా మణికట్టుకు, అక్కడి నుంచి మోచేయి లోపలి ఎముక మొనకు చేరుతుంది. మణికట్టును లోపలికి మడిచే కండరాలన్నీ ఆ మొన దగ్గర ఒకే టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) అతుక్కొని ఉంటాయి. దానికి గోల్ఫర్స్ ఎల్బో అని పేరు పెట్టారు గాని, జీడిపిక్కలు కొట్టే కార్మికులలోనూ, కొబ్బరికాయలు ఒలిచేవారిలోనూ ఇదే నొప్పిని నేను చూస్తుంటాను. వారికి పని ఆపే వీలుండదు, మీకు ఉంది, కనుక ఆపండి. అరిగిన పట్టును మార్పించండి, క్లబ్బును గట్టిగా నలిపినట్టు పట్టుకోవద్దు. పట్టు చివర ఎడమ అరచేతి కండలో గుచ్చుకునేలా పట్టుకుంటే అక్కడి చిన్న కొక్కెం ఆకారపు ఎముక కూడా విరగవచ్చు. చివర కొద్దిగా బయటికి కనిపించేలా పట్టుకోవాలి.

మూడు వారాలపాటు పూర్తి స్వింగ్ వద్దు. రోజూ నడవండి, మంచం పట్టవద్దు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి ఉండేలా అర కిలో బరువు పట్టుకొని, ఎడమ చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, సాయం తీసేసి చాలా నెమ్మదిగా కిందికి దించండి. ఇలా 15 సార్లు, కాసేపు ఆగి మరో రెండు విడతలు. కొద్దిపాటి నొప్పి ఉన్నా కొనసాగించవచ్చు, నొప్పి మరుసటి రోజుకు పెరిగితే బరువు తగ్గించండి. ఈ టెండన్ మానడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది, తొందరపడితే మొదటికి వస్తుంది. నడుము కోసం వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి రెండు పక్కలకూ నెమ్మదిగా వాల్చడం, పిరుదులను నేల నుంచి పైకి లేపి నిలపడం, కుర్చీలో కూర్చొని ఛాతీని మాత్రమే అటూ ఇటూ తిప్పడం చేయండి. వల దగ్గర పడిన వంద బంతులను వంద సార్లు నడుము వంచి ఏరడం కూడా ఒక గాయమే. ఒక కాలు వెనక్కు చాపి, క్లబ్బు ఊతంగా పట్టుకొని, తుంటి దగ్గర వంగి తీయండి.

అయితే నేను మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను. నొప్పి పిరుదు దాటి కాలిలోకి దిగినా, పాదం తేలిపోయినట్టు అనిపించినా, రాత్రి పడుకున్నప్పుడు నొప్పి నిద్ర చెడగొట్టినా, జ్వరం గాని, కారణం లేకుండా బరువు తగ్గడం గాని ఉన్నా ఎముకల డాక్టరును వెంటనే కలవండి. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం, మలం పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అది టెండన్ కాదు, మోచేయి వెనుక నుంచి పోయే నరం. దానికి వేరే పరీక్ష కావాలి.

ఈ లక్షణాలేవీ లేకుండా, మూడు వారాల తరువాత నొప్పి తగ్గితే, చాపను కళ్లం మీది నుంచి తీసి ఇసుక నేల మీదికి మార్చండి, వీలైతే కింద మరో మందపాటి పొర వేయండి. పది నిమిషాలు నడిచి, శరీరం వెచ్చబడిన తరువాతనే క్లబ్బు పట్టుకోండి. విశాఖపట్నానికి వెళ్లే పని ఉంటే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ వంటి చోట ఒక శిక్షకుడి ఎదుట ఒక్కసారి నిలబడి చూపించుకోండి. మొదటి వారం వెడ్జ్‌తో సగం స్వింగ్ మాత్రమే, రెండో వారం 7 ఐరన్, డ్రైవర్ నాలుగో వారం దాకా సంచిలోనే ఉండాలి. వంద బంతుల లెక్కను పూర్తిగా మరచిపోండి. రోజు విడిచి రోజు ముప్పై మించవద్దు, మొదటి రోజున పది చాలు.