తళతళలాడే పాత ఒమేగా జోలికి వెళ్లే ముందు

చిరంజీవి శైలజకు మామయ్య ఆశీస్సులు.

బోనస్ డబ్బుతో పాత ఒమేగా కాన్‌స్టెలేషన్ కొంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంట్లో అందరూ బంగారం కొనమని పోరుతుంటే నువ్వు అరవై ఏళ్ల నాటి స్టీలు వాచీ మీద మనసు పడ్డావు. గర్వంగానే ఉందే. కానీ "డయల్ కొత్తదానిలా మెరిసిపోతోంది, ఎవరూ పెట్టుకున్నట్టే లేదు" అని మురిసిపోయావట కూడా. నా భయమంతా ఆ మాట దగ్గరే.

ముందు ఒక పని చెయ్. నువ్వుండే బాసెల్ నుంచి బీల్ రైల్లో గంట దూరం. అక్కడి ఒమేగా మ్యూజియానికి వెళ్లు. లూయీ బ్రాంట్ 1848లో లా షో-ద-ఫోన్‌లో మొదలుపెట్టిన పని 1880లో బీల్‌కు చేరింది. 1894లో చేసిన ఒక మిషన్‌కు, అంటే వాచీ లోపలి యంత్రానికి, పెట్టిన పేరే ఒమేగా, 1903కల్లా అదే కంపెనీ పేరైంది. చంద్రుడి మీదికి వెళ్లిన స్పీడ్‌మాస్టర్ కథ నీకు తెలిసిందే, దాన్ని ఒకసారి చూసి కదులు. నువ్వు నిలబడి చూడాల్సింది 1952లో మొదలైన కాన్‌స్టెలేషన్లను. నడుమ చదునుగా ఉండి అంచుల వైపు పన్నెండు పలకలుగా వాలిన డయల్, ఆరు దగ్గర చిన్న నక్షత్రం, అక్షరాల మందం, వాటి మధ్య ఎడం, ఇవన్నీ కంటికి బాగా అలవాటు కానీ. బేరం తర్వాత.

రకాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. తేదీ ఉన్న కాన్‌స్టెలేషన్ రకం నంబరు 168.005, అందులో 561 మిషన్; తేదీ లేని 167.005లో 551 ఉంటాయి. రెండూ చేతి కదలికకే కీ తిరిగే ఆటోమేటిక్ రకం, అరగకుండా లోపల 24 రాళ్లు పొదిగినవి. అదే కుటుంబానికి చెందిన 552, 562 మిషన్లు ఒమేగాలోనే ఇంకో రకమైన ఆనాటి సీమాస్టర్లలో వచ్చాయి. టైము కచ్చితంగా చూపుతుందని పరీక్షించి ఇచ్చే క్రోనోమీటర్ సర్టిఫికెట్ లేదన్న మాటే గానీ పనితనంలో తీసిపోవు, ధర తక్కువ. మొదటి వాచీకి నన్నడిగితే సీమాస్టరే కొనమంటాను, నువ్వు వినవు. 1982లో వచ్చిన మాన్‌హటన్ అనే కొత్త రకానికీ కాన్‌స్టెలేషన్ అనే పేరు. రెండు పక్కలా కొక్కేలు ఉంటాయి, చాలావాటిలో క్వార్ట్జ్ మిషన్. పాత కాన్‌స్టెలేషన్‌నూ దీన్నీ కలిపేసుకోకు.

ఇక డయల్. మన దేశంలో వాచీల మీద జరిగిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఉక్కపోతకు డయల్ మీది పూత పొంగి మచ్చలు పడేది. అప్పట్లో ఆ మచ్చకు విలువ కట్టినవాడు లేడు. పెళ్లికి పెట్టుకునే వాచీ ధగధగలాడాలి, అంతే. రిపేరు షాపువాడు డయల్ విప్పి ఇస్తే రంగు వేసేవాళ్లు పాత పూత మొత్తం కడిగేసి, కొత్త రంగు కొట్టి, అక్షరాలు మళ్లీ అచ్చు వేసి ఇచ్చేవారు. అందులో మోసం లేదు, అడిగింది చేశారు. మోసం తర్వాత వచ్చింది. అదే పని ఇప్పుడు అమ్మకం కోసం చేస్తున్నారు, బొంబాయి డయల్ అన్న పేరు ప్రపంచమంతా పాకింది. ఆ వాచీలు నువ్వున్న ఊరి దాకా వస్తాయి. స్విట్జర్లాండ్‌లో కొంటున్నానని ధీమా పడకు.

కడిగేసిన అసలు పూత మళ్లీ రాదు. మిషన్ పాడైతే పార్టు దొరుకుతుంది, అద్దం పగిలితే అద్దం దొరుకుతుంది. డయల్ పోతే ఆ వాచీ విలువలో పెద్ద వాటా పోయినట్టే. అందుకే ఇంతలా చెబుతున్నాను.

పది రెట్లు పెద్దగా చూపించే కంటి అద్దం ఒకటి కొనుక్కో. దాంతో ముందు అక్షరాలు చూడు. ఫ్యాక్టరీ అచ్చు పూత మీద కాస్త ఉబ్బెత్తుగా, అంచులు కోసినట్టుగా ఉంటుంది. మళ్లీ వేసినది ఇంకు పీల్చుకున్న కాగితం మీది రాతలా అలుక్కుపోతుంది. నిమిషాల గీతలు గంటల కడ్డీలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా? కడ్డీల మొదట్లో రంగు పేరుకుందా? అడుగున ఉండే స్విస్ మేడ్ అక్షరాలు పక్కకు జరిగాయా, అసలు లేకుండా పోయాయా? డయల్ బయటికి తీసినప్పుడు అంచున చిన్న గాటు కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు. రంగు వేసేవాళ్లు అచ్చు సూటిగా పడటానికి పెట్టుకునే గుర్తు అది. ముళ్లనూ చూడు. కడ్డీల మధ్య నల్ల రాయి గీత ఉంటే ముళ్లలోనూ ఉండాలి. డయల్ మీద చీకట్లో మెరిసే చుక్క పసుపుబారి, ముళ్లలోది పాల తెలుపుగా ఉంటే ఏదో ఒకటి మారింది. రంగు కాస్త మాసి, ఒక మూల మచ్చ పడి, అక్షరం చెక్కుచెదరని డయల్ దొరికితే అదే తీసుకో.

కేసుకూ అదే రోగం. దీని కాళ్లు, అంటే బెల్టు తగిలించే కొమ్ములు, కుక్క కాలులా విరిగి, పలకలు పలకలుగా ఉంటాయి. మెరుగు పెట్టే బఫింగ్ చక్రానికి పెడితే పలకల అంచులు కరిగి గుండ్రమవుతాయి. వెనక బిళ్ల మీద అబ్జర్వేటరీ గోపురం, పైన ఎనిమిది నక్షత్రాలు విడివిడిగా కనబడాలి. అసలు అద్దమైతే లోపలివైపు సరిగ్గా నడుమ పిసరంత ఒమేగా గుర్తు ఉంటుంది.

కాగితాలున్నాయి కదా మామయ్యా అంటావు. ఒమేగా తన పాత రికార్డులు చూసి ఇచ్చిన ఆర్కైవ్ పత్రం మిషన్ నంబరు ఫలానా వాచీలో ఫలానా రోజున వెళ్లిందని చెబుతుందే తప్ప, నీ చేతిలో ఉన్న డయల్ అప్పటిదేనని చెప్పదు. 2021 నవంబరులో జెనీవా వేలంలో 1957 నాటి రకం స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగాయే, తన మ్యూజియం కోసం. రకరకాల వాచీల పార్టులు కూర్చి చేసిన సరుకని, ఇందులో తమ మాజీ ఉద్యోగుల చేయి ఉందని 2023లో కంపెనీయే చెప్పింది. వాళ్లకే అలా జరిగితే నువ్వెంత, నేనెంత తల్లీ.

వెనక మూత తెరిపించకుండా డబ్బు ఇవ్వొద్దు. తేదీ ఉన్నదైతే మూత లోపల 168.005 అని, లేనిదైతే 167.005 అని ఉండాలి. 20తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు మిషన్ మీద ఉంటే 1963 ప్రాంతం, 24తో మొదలైతే 1966 ప్రాంతం. మూత లోపల విల్లులా గీతలు పడి ఉంటే చేయి కదిలినప్పుడు తిరిగి కీ ఇచ్చే బరువు, అంటే రోటర్, దాని ఇరుసు అరిగి రాసుకుంటోందని అర్థం, ఆ ఖర్చు బేరంలో తగ్గించు. వాచీ నడకను కొలిచే టైమింగ్ మెషిన్ మీద పెట్టించేటప్పుడు, ఒక్కో మిషన్‌కు ఒక్కోలా ఉండే లిఫ్ట్ యాంగిల్ అనే అంకెను 49 డిగ్రీలకు పెట్టమను. చాలామంది 52 మీదే వదిలేస్తారు, అప్పుడు ఆంప్లిట్యూడ్, అంటే లోపలి చక్రం ఎంత దూరం ఊగుతుందన్న లెక్క, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నిండా కీ ఇచ్చాక అది 270 డిగ్రీలు వస్తే బాగున్నట్టు, 220 దాటకపోతే సర్వీసింగ్ ఖర్చు నీ నెత్తిన పడుతుంది. 561లో తేదీ గబగబా మార్చే ఏర్పాటు లేదు, అర్ధరాత్రి దాటించి, ముళ్లు వెనక్కి తిప్పి మళ్లీ దాటించాలి. కీ పట్టి లాగి విరగ్గొట్టకు.

నీళ్ల మాట వేరే చెప్పాలా? చెప్పాలి. నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు ఎన్నాళ్లదో తెలియదు. చేతులు కడిగేటప్పుడు తీసెయ్, వానలో తీసెయ్. అద్దం లోపల ఆవిరి కనబడితే కీ బయటికి లాగి, ఆ రోజే వాచీ మెకానిక్ చేతిలో పెట్టు. రేపు చూద్దాంలే అంటే లోపలి స్టీలు పార్టులు తుప్పు పడతాయి.

అడ్వాన్స్ కట్టేశావని మీ అమ్మ నోరు జారి చెప్పింది. నాకెందుకు చెప్పలేదే? తిడతాననా? తిడతాను, అయినా చెప్పాలి. డయల్‌ను సూటిగా, అద్దం మీద వెలుగు పడకుండా ఒక ఫొటో, మూత లోపలిది ఒకటి, మిషన్‌ది నంబరు కనబడేలా ఒకటి తీయించి పంపు. అమ్మేవాడు మూత తెరవనంటే అడ్వాన్స్ వెనక్కి అడుగు. ఇవ్వకపోతే పోనీ, మిగతా డబ్బు మాత్రం దాని వెనక పెట్టకు.

మీ మామయ్య