హంతకుడెవరో ముందే తెలుసన్నవాళ్ళ మాట

చిరంజీవి చిన్నాకి, అత్తయ్య ఆశీస్సులు.

సినిమా రఫ్ కట్, అంటే తొలి విడత ఎడిటింగ్, అయిపోయిందనీ, రీ-రికార్డింగ్‌కి ఇచ్చేముందు కొంతమందికి చూపించి అభిప్రాయాలు అడగబోతున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం పట్టలేకపోయాను. ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. నువ్వు తీసింది మామూలు కథైతే ఈ ఉత్తరం అక్కర్లేదు. ప్రేమకథ చూసినవాడు బాగుందంటాడు, లేదా బోరు కొట్టిందంటాడు, ఆ మాటను దాదాపు అలాగే తీసుకోవచ్చు. నీది చివర్లో తిరగబడే సినిమా. ఆఖరి పది నిమిషాలు చూశాక ప్రేక్షకుడి బుర్రలో మొదటి గంటన్నర కూడా మారిపోతుంది. వాడు బయటికొచ్చి నీకు చెప్పేది ఆ మారిపోయిన సినిమా గురించే.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. చుట్టాలకు చూపించకు. యూనిట్ వాళ్ళకూ, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకూ వద్దు. స్క్రిప్టు చదివినవాడు ఈ పనికి రాడు. ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కరికి కాకుండా పెద్ద తెర మీద 10 మందికి కలిపి వేయి. పిలిచేటప్పుడు "క్రైమ్ కథ" అని చెప్పు, చాలు. ట్విస్ట్ అన్న మాట నీ నోట రాకూడదు. ఉందని చెబితే మొదటి సీన్ నుంచే కథ వదిలేసి దొంగ కోసం వెతకడం మొదలుపెడతారు.

60 మంది దొరికారని మీ నాన్న గొప్పగా చెప్పాడు. మంచిదే, కానీ అందరినీ ఒకేరోజు కూర్చోబెట్టేయకు. ఇలాంటి సినిమాకి ఒక ప్రేక్షకుడు ఒక్కసారే పనికొస్తాడు. రహస్యం తెలిసిపోయాక మళ్ళీ తెలియనివాడు కాలేడు. ఇప్పుడున్న కట్‌కి 20 మంది, మార్పులు చేశాక ఇంకో 20, సౌండ్ పడ్డాక చివరి 20. మూడో జట్టును ఎవరడిగినా ముట్టుకోనివ్వకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. సినిమా అయిపోయాక లైట్లు వేసి, "హంతకుడెవరో ముందే ఊహించారా?" అని అడుగుతారు చూడు, ఈ రంగంలో అంత పాత తప్పు ఇంకోటి లేదు. అడిగిన వెంటనే సగం చేతులు లేస్తాయి. వాళ్ళు అబద్ధం ఆడటం లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది. నీ సినిమాలో అనుమానించదగ్గవాళ్ళు ఐదుగురు. రెండు గంటల్లో ప్రేక్షకుడు ఏదో ఒక నిమిషంలో ఐదుగురినీ అనుమానిస్తాడు. వాచ్‌మన్ తలుపు దగ్గర తచ్చాడినప్పుడు వాడిని, భాగస్వామి సంతకం దాచినప్పుడు అతన్ని, బావమరిది మరీ మంచిగా మాట్లాడినప్పుడు అతన్ని. చివర్లో బావమరిది అని తేలగానే మిగతా నాలుగు అనుమానాలూ చెరిగిపోయి ఆ ఒక్కటే గుర్తుంటుంది. "నేను ముందే అనుకున్నాను" అంటాడు. అనుకున్నమాట నిజమే. మిగతా నలుగురినీ అనుకున్న సంగతే మర్చిపోయాడు.

మనసు ఇలా పనిచేస్తుందని 1975లో ఫిషాఫ్, బేత్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకూ సోవియట్ యూనియన్‌కూ వెళ్ళబోయే ముందు, ఆ పర్యటనల్లో ఏమేం జరగడానికి ఎంత అవకాశముందో కొంతమంది చేత అంకెలు వేయించారు. పర్యటనలు అయ్యాక, మీరు అప్పుడు ఎంత వేశారో గుర్తుచేసుకోండి అన్నారు. జరిగాయని తెలిసిన సంగతులకు తాము అసలు వేసినదానికంటే ఎక్కువే వేశామని వాళ్ళకు గుర్తుంది. దేశాధినేతల విషయంలోనే అలా ఉంటే, బావమరిది హత్య చేశాడా లేదా అన్నదాంట్లో ఎవరి జ్ఞాపకాన్ని నమ్ముతావు?

ఆ చేతులు లేచాక జరిగేదే నాకు భయం. దర్శకుడికి కాళ్ళకింద నేల కదులుతుంది. "అందరికీ తెలిసిపోతోంది, క్లూలు తగ్గించండి" అంటాడు. ఎడిటర్ ఒక షాట్ ఎత్తేస్తాడు, ఇంకోటి సగం చేస్తాడు. మళ్ళీ చూపిస్తే మళ్ళీ కొన్ని చేతులు లేస్తాయి, ఎందుకంటే ఆ ప్రశ్నకి చేతులు ఎప్పుడూ లేస్తాయి. ఇంకో రెండు క్లూలు పోతాయి. చివరికి విడుదలయ్యే సినిమాలో హంతకుడిని చూపించే దారి ఒక్కటీ మిగలదు. అప్పుడు జనం అనేది "ఊహించేశాం" కాదు, "మోసం చేశారు". మొదటి మాటతో సినిమా బతుకుతుంది, అందులో వాడికి కాస్త గర్వం కూడా ఉంటుంది. రెండో మాట పడితే ఇంకెవరినీ చూడమని చెప్పడు. కిందటిసారి వచ్చినప్పుడు, అనుమానం వచ్చే ప్రతి షాటూ తీసేస్తానన్నావు. ఒరేయ్, ఆ ఆలోచన ఇంకా ఉంటే మానుకో. నీ భయం నాకు అర్థమవుతుంది, కానీ భయంతో కత్తెర పట్టకూడదు.

దీనికి మందు, జవాబును రహస్యం బయటపడకముందే కాగితం మీద పెట్టించడం. అసలు సంగతి తెలిసే సీన్‌కి 12, 15 నిమిషాల ముందు, ఏ గొడవా లేని చోట సినిమా ఆపు. ఒక్కొక్కరికీ కార్డు ఇవ్వు. ఎవరి మీద అనుమానం, 10లో ఎంత నమ్మకం, ఏం చూసి అలా అనిపించింది. మూడే ప్రశ్నలు, మూడు నిమిషాలు. పక్కవాడితో మాట్లాడకూడదు. కార్డులు కవర్లో వేసి అంటించాకే మిగతా సినిమా వేయి. 20 మందిలో 10 మందికి ఇలా, మిగతా 10 మందికి వేరే షోలో ఆపకుండా వేయి. ఆపి చూసినవాళ్ళు వేగం గురించి, ఉత్కంఠ గురించి ఏమన్నా లెక్కలోకి తీసుకోకు. వాళ్ళ ఊపు నువ్వే తెంపావు.

కార్డులు లెక్కపెట్టేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకో. అనుమానితులు ఐదుగురైతే కళ్ళు మూసుకుని వేలు పెట్టినా 10 మందిలో ఇద్దరు సరిగ్గా చెబుతారు. అంచేత ఇద్దరో ముగ్గురో బావమరిది పేరు రాస్తే కంగారు పడకు, పక్కనున్న నమ్మకం అంకె చూడు. 3, 4 అయితే గుడ్డిదెబ్బ. 8, 9 అయితే ఎక్కడో దొరికిపోయాడు. మూడు జట్లూ అయ్యేసరికి నీ చేతిలో 30 కార్డులుంటాయి. మొత్తం మీద ఒక్కడూ బావమరిది పేరు రాయకపోతే మాత్రం నిజంగా కంగారు పడు. గుడ్డిగా రాసినా ఐదారుగురు రాయాల్సిన చోట సున్నా వచ్చిందంటే, అతను అనుమానితుల జాబితాలోనే లేడని అర్థం. అతనే అని తేలినప్పుడు అది ఊడిపడినట్టుంటుంది.

ఇక మూడో జవాబు, 'ఎందుకు' అన్నది, బంగారం. "గోడ మీది ఫొటోలో ఆ గొడుగే ఉంది" అని రాస్తే క్లూ పట్టుకున్నాడు. "ఇంత పేరున్న నటుడికి ఇంత చిన్న పాత్రా" అని రాస్తే, అది క్లూ కాదు, కాస్టింగ్ పట్టిచ్చింది. దానికి షాట్లు తీసేస్తే లాభం లేదు, ఆ పాత్రకి కథలో కనిపించే పని ఇంకోటి ఇవ్వాలి. ఆస్తి తగాదాలో అతను హీరోకి సాయపడే సీన్ ఒకటి తీసి పక్కన పెట్టావుగా, దాన్ని వెనక్కి తెచ్చి చూడు. "ఆయన వచ్చినప్పుడల్లా కింద ఏదో గుయ్‌మంటోంది" అని రాస్తే తప్పు టెంప్ మ్యూజిక్‌ది, అంటే అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా వేసుకున్నదానిది. ఐదుగురికీ ఒకే రకం సంగీతం వేయి, లేదా ఎవరికీ వేయకు.

నువ్వు పంపిన కట్‌లో కారు అద్దం షాట్ చూశాను. బావమరిది కారు నిన్నట్నుంచీ షెడ్‌లోంచి బయటికి తీయలేదంటాడు. దుమ్ము పట్టిన ముందద్దం మీద వైపర్ తుడిచిన రెండు అర్ధచంద్రాలు. రాత్రి వాన పడింది, కారు వానలో తిరిగింది. ఎంత చక్కటి క్లూ అది! దాన్ని 20 ఫ్రేములకు కోశావు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే సెకను కూడా లేదు. అందులో పైగా మనిషి మొహం ఉంది. ఫ్రేములో మొహం ఉంటే కన్ను ముందు దాని మీదికే పోతుంది, తర్వాత కదిలేదాని మీదికి. అద్దం వైపు చూపు తిరిగేసరికి షాట్ అయిపోతోంది. ఎవరూ చూడని క్లూ, లేని క్లూ ఒక్కటే. ఆ షాట్‌ని మూడు సెకన్లు ఉంచు, 72 ఫ్రేములు. అద్దం స్పష్టంగా కనబడనీ. అదే సమయంలో బావమరిది చేతిలోంచి తాళాలు కింద పడనీ, లేదా ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగనీ. క్లూని కురచ చేసి దాచకు, చూపును పక్కకి తిప్పి దాచు. కనబడిందన్న గుర్తు వాడి లోపల ఎక్కడో ఉండిపోతుంది, చివర్లో అదే పనిచేస్తుంది.

చివరి ఫ్లాష్‌బ్యాక్‌లో ఆ అద్దాన్ని మళ్ళీ చూపించేటప్పుడు అదే టేక్, అదే యాంగిల్ వాడు. దగ్గరి నుంచి తీసిన ఇంకో అందమైన షాట్ ఉందని అది పెట్టావో, "ఇది మాకు ఎప్పుడు చూపించారు?" అంటారు. ఆ అడగడం న్యాయమే. ఆ విప్పిచెప్పే భాగం ఇప్పుడు ఏడు నిమిషాలుంది. మూడున్నరకి తీసుకురా. వాళ్ళు చూసినవి గుర్తుచేయి, చూడనివి కొత్తగా చెప్పకు. పాత్ర ఎన్ని అబద్ధాలైనా చెప్పొచ్చు, తెర మీద జరిగినట్టు చూపించినది మాత్రం జరిగి ఉండాలి. హిచ్‌కాక్ అంతటివాడు 1950లో 'స్టేజ్ ఫ్రైట్' సినిమాని అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్‌తో మొదలుపెట్టి, అది చేయకుండా ఉండాల్సిందని తర్వాత తనే అన్నాడు.

సినిమా అయ్యాక పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ముందు రాయించు. గట్టిగా మాట్లాడేవాడు ఒకడు నోరు తెరిస్తే మిగతా 9 మంది అభిప్రాయం వాడిదే అయిపోతుంది. మొదటి ప్రశ్న "కథ ఐదు లైన్లలో రాయండి" అని ఉండనీ. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ఇన్‌స్పెక్టర్‌కి ఎలా తెలిసింది, ఈ మూడూ అందులోనే తేలిపోతాయి. నలుగురైదుగురు 'ఎందుకు' దగ్గర తడబడితే లోపం క్లైమాక్స్‌లో ఉండదు, ఆ కారణాన్ని నాటాల్సిన మొదటి అరగంటలో ఉంటుంది. సెకండాఫ్ ల్యాగ్ అన్న మాటా అంతే. సాగింది అనిపించిన చోటికి పది నిమిషాల వెనక చూడు, వాళ్ళకి అప్పటికే తెలిసిన సంగతి నువ్వు మళ్ళీ చెబుతూ ఉంటావు. మార్కులు వేయడం అన్నిటికంటే చివర.

తర్వాత కూర్చుని మాట్లాడించడం నీ పని కాదు. వేరేవాళ్ళకి అప్పజెప్పి వెనక వరుసలో కూర్చో. నీ కోపం నాకు తెలుసు. "అది మీకు అర్థం కాలేదా?" అని ఒక్కసారి అన్నావంటే ఆ తర్వాత నీకు వినబడేవన్నీ మర్యాద మాటలే. నోట్సు పుస్తకం పెట్టుకుని టైమ్‌కోడ్, అంటే సినిమాలో ఎన్నో నిమిషం ఎన్నో సెకనో, రాసుకో. ఎక్కడ ఫోన్ వెలిగింది, ఎక్కడ దగ్గులు, ఎక్కడ గది మొత్తం కదలకుండా ఉండిపోయింది. తిట్టినవాడి మాట కూడా రాసుకో నాన్నా, వాడు రెండు గంటలు నీకిచ్చాడు.

రహస్యం లీకవడం గురించి కూడా చెప్పాలి. 2011లో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనేవాళ్ళు చిన్నకథలతో పరీక్షించి, ముగింపు ముందే తెలిసిన పాఠకులకూ ఆ కథలు తక్కువ నచ్చలేదు సరికదా, కాస్త ఎక్కువే నచ్చాయన్నారు. అది నాకు తెలుసు. అయినా నా భయం పోదు. అవి చదివే కథలు, నీది టికెట్టు కొని చూసే సినిమా. ఎవరికీ లింకు పంపకు. పంపక తప్పకపోతే వాళ్ళ పేరు తెర మధ్యలో వాటర్‌మార్క్‌గా పడేలా చేసి పంపు. షోకి వచ్చినవాళ్ళ ఫోన్లు సంచుల్లో పెట్టించు, బయటికి చెప్పబోమని సంతకం తీసుకో.

మూవియోలా అనే పాత ఎడిటింగ్ మిషన్ మీద ఫిల్మ్ కోసే కాలంలో తీసేసిన ఫిల్మ్ ముక్కని పారేసేవాళ్ళు కాదు, పక్కనుండే బిన్ అనే తొట్టిలో కొక్కేనికి తగిలించేవాళ్ళు. పొద్దున వచ్చి చూస్తే కళ్ళెదుటే వేలాడుతూ ఉండేది, తప్పు చేశామేమో అని ఇంకోసారి ఆలోచించడానికి వీలుండేది. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే మాయం. అందుకే ప్రతి షో తర్వాతా పాత కట్‌ని తేదీ వేసి వేరే ఫైల్‌గా దాచు. ఒకేసారి పది మార్పులు చేయకు. చేస్తే తర్వాతి 20 మంది మాటల్లో ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

మొదటి జట్టులో ఐదుగురిని వారం తర్వాత మళ్ళీ పిలిచి, అంతా తెలిసి రెండోసారి చూడమను. ఈసారి బావమరిదినే చూస్తారు. ప్రతి సీన్లో అతను హంతకుడిలాగే, అదే సమయంలో అమాయకుడిలాగే నిలబడగలిగాడా, అదొక్కటే అడుగు. నాలుగో రీల్లో ఒంటరిగా ఉన్నప్పుడు చెల్లెలి భర్త చనిపోయాడని ఏడుస్తాడు చూడు, అక్కడ నాకు అనుమానంగా ఉంది. ఎవరూ చూడనప్పుడు హంతకుడు ఎవరి కోసం నటిస్తాడు? పశ్చాత్తాపమైతే దానికి చివర్లో ఒక మాట ఉండాలి. ఆ మాట లేకపోతే ఆ సీన్లోకి పనిమనిషి అడుగుల చప్పుడైనా వేయి.

కార్డులు షో అయిన రాత్రి చదవకు. అన్నం తిని పడుకుని, పొద్దున ఎడిటర్‌తో కలిసి చదువు. పేర్లు కొట్టేసి నాకొక కాపీ పంపు, ముఖ్యంగా 'ఎందుకు' అన్న జవాబులు.

మీ అత్తయ్య