కళ్లు నుదుటి మీదికి ఎందుకెక్కుతాయి?

ప్రశ్న: నాకు 40 ఏళ్లు దాటాయి. ఎవరి ముఖం గీసినా కళ్లు నుదుటి మీదికి ఎక్కి కూర్చుంటాయి. మెదడు కుడి భాగాన్ని మేల్కొలిపి బొమ్మలు నేర్పుతామనే శిక్షణ ఒకటి ఉందని విన్నాను. అందులో నిజమెంత? నేను చేరవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: నిరభ్యంతరంగా చేరండి, కుడి భాగం మేల్కొంటుందన్న మాటను మాత్రం పట్టించుకోకండి. మూర్ఛ తగ్గించడానికి మెదడు రెండు అర్ధగోళాలను కలిపే నరాల కట్టను కత్తిరించిన రోగులను పరిశీలించి, ఏ వైపు ఏ పనిలో ముందుంటుందో చూపినందుకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పరిశోధనల ఆధారంగా అమెరికాలో చిత్రలేఖనం బోధించే బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో, మీరు విన్న శిక్షణకు మూలమైన తన బోధనా పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. బొమ్మ గీసేటప్పుడు మెదడు రెండు వైపులా పనిచేస్తుందని తరువాత తేలింది. అయినా ఆమె అభ్యాసాలు నిలిచాయి, ఎందుకంటే అవి చూపును సరిదిద్దుతాయి.

మన చేయి కంటికి కనిపించినదాన్ని కాక, మనకు తెలిసినదాన్ని గీస్తుంది. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగం ఎత్తులోనే ఉంటాయి. కానీ మనం మనిషిని గుర్తుపట్టేది కళ్లూ ముక్కూ నోటితో గనుక, పైనున్న నుదురూ జుట్టూ మన లెక్కలో కుదించుకుపోతాయి. తెలిసినది మన చూపును ఇంతగా కప్పేస్తుందన్న నమ్మకం కుదరకపోతే ఆవిరి పట్టిన అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసి, అందులో కనిపించే మీ తల చుట్టూ వేలితో గీత గీసి కొలవండి. అది మీ అసలు తలలో సగమే ఉంటుంది, ఎంత వెనక్కి జరిగి చూసినా సగమే. రోజూ చూసుకునే అద్దమే అయినా, కొలిచేదాకా ఈ సంగతి ఎవరూ ఒప్పుకోరు.

ఈ తెలిసినతనాన్ని కాసేపు పక్కన పెట్టించడానికే ఎడ్వర్డ్స్ పికాసో 1920లో గీసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ రేఖాచిత్రాన్ని తలకిందులుగా పెట్టి విద్యార్థుల చేత గీయించేవారు. ఇది ముక్కు, ఇది వేలు అని పేరు పెట్టే వీలు తగ్గి, గీత ఎటు వంగింది, అంచుకు ఎంత దూరంలో ఉంది అన్నదే మిగులుతుంది. కుర్చీని వదిలేసి దాని కాళ్ల మధ్య ఖాళీలను మాత్రమే గీయమనడమూ ఇలాంటిదే. ఖాళీకి పేరు లేదు కాబట్టి ముందే తెలిసిన ఆకారమూ ఉండదు. నా మట్టుకు మొదలుపెట్టేవారికి ఇదే అన్నిటికన్నా మేలైన అభ్యాసం.

మీది ఏ వైపు మెదడో తేల్చే ప్రశ్నపత్రంతో శిక్షణ మొదలైతే నవ్వుకుని ఊరుకోండి. చేరే ముందు మాత్రం ఇప్పుడు వచ్చినట్టుగానే ఒక ముఖం గీసి, తేదీ వేసి దాచుకోండి. కొన్ని వారాలయ్యాక అదే ముఖాన్ని మళ్లీ గీసి, రెండింటిలోనూ కళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో స్కేలు పెట్టి కొలవండి.