కషాయం చేసుకో, సీసాలో పోసి మాత్రం అమ్మొద్దు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మొక్కల పురుగుల మీద కొట్టే వేప కషాయం సీసాల్లో పోసి కడియం నర్సరీల్లో అమ్మకానికి పెడతానని రాశావు. "పెరటి ఆకులకి కూడా లైసెన్సేంటి మావయ్యా?" అని మండిపడ్డావు కూడా. పురుగుమందుల కొట్టు నడిపినవాణ్ణి, ఆ లైసెన్సు గోడకి తగిలించుకుని కూర్చున్నవాణ్ణి. కాస్త నిదానంగా విను.

నీ తోటకి నువ్వు కొట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టంలో 38వ సెక్షన్ చూడు. ఇంటి అవసరానికి, పెరటి తోటకి, తాను సాగు చేసే భూమికి వాడుకునేవాళ్ళకి ఆ చట్టం వర్తించదని ఉంటుంది. పేచీ అంతా అమ్మకం దగ్గరే. సీసా మీద "తెల్లదోమకి" అని రాశావంటే అది పురుగుమందే. ఇక రిజిస్ట్రేషను, తయారీకి లైసెన్సు, అమ్మకానికి మరొకటి. పురుగు ఊసెత్తకుండా "మొక్క ఏపుగా పెరగడానికి" అని రాద్దామనుకుంటావేమో. ఆ దారీ లేదు. 2021 ఫిబ్రవరి నుంచి మొక్క ఎదుగుదలకి ఊతమిచ్చే సరుకులు, అంటే బయోస్టిమ్యులెంట్లు కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకొచ్చాయి, మొక్కల సారాలతో సహా.

ఇది సగమే న్యాయం అంటాను. పరీక్షలకయ్యే ఖర్చు పెద్ద కంపెనీ భరిస్తుంది, నీలాంటిది భరించలేదు. కానీ "బయో" అని పైన రాసి లోపల రసాయనం కలిపిన సీసాలు నా కళ్ళారా చూశాను. వాటిని ఆపేది కూడా ఈ లైసెన్సే మరి. ఫ్రాన్సులో ఇంకా దూరం వెళ్ళారు. 2006 జనవరి చట్టంతో అనుమతి లేని మందుని సిఫారసు చేయడమే నేరమైంది. దురద పుట్టించే నెటిల్ ఆకు కషాయం గురించి తోటమాలులు ఏళ్ళ తరబడి పోరాడితే 2017లో ఐరోపా సమాఖ్య దాన్ని మొక్కల రక్షణకి వాడుకోదగ్గ మూల పదార్థంగా ఒప్పుకుంది. మన దగ్గర కషాయం చేయడం నేర్పితే ఎవరూ కాదనరు.

అందుకే అమ్మడం మాని నేర్పు. అసలు వేప కషాయం సీసాలో నిలవ ఉండే సరుకు కూడా కాదు. గింజ నీడలో ఎండబెట్టి, పప్పు తీసి, లీటరు నీళ్ళకి 50 గ్రాముల చొప్పున దంచి రాత్రంతా నానబెట్టు. పొద్దున్నే పల్చటి గుడ్డలో వడగట్టి, ఆకుకి అంటుకోవడానికి కాస్త కుంకుడు రసం కలుపు. సబ్బు పొడి వద్దు. అదే రోజు సాయంత్రం కొట్టెయ్యాలి. వేపలో పురుగు మీద పనిచేసే అజాడిరక్టిన్ ఎండకి విరిగిపోతుంది, పైగా సాయంత్రానికి తేనెటీగలు కూడా పువ్వుల మీద ఉండవు. మబ్బు పట్టిందంటే ఆ పూటకి ఆగు, వాన కడిగేస్తే చాకిరీ దండగ.

లంక పొగాకు నానబెట్టిన నీళ్ళు వాడతానన్నావు, అది మాత్రం నాకు నచ్చలేదు. మొక్కదైనా నికోటిన్ విషమే, చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. ఆ నికోటిన్‌తో చేసే పురుగుమందు నికోటిన్ సల్ఫేటుని మన దేశంలో వాడకుండా నిషేధించారు. టమాటా, మిరప మీదైతే పొగాకులోని మొజాయిక్ వైరస్, అంటే ఆకుల మీద మచ్చల తెగులు తెచ్చేది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. రేపు సేంద్రియ ధ్రువీకరణకి వెళ్ళాలనుకుంటే పొగాకు సంగతి ముందే వాళ్ళనడిగి, జవాబు రాతలో తీసుకో.

ఇంకా అమ్మాలనే ఉంటే మండల వ్యవసాయాధికారిని కలిసి సహజ సాగుకి కావాల్సిన కషాయాల్లాంటివి రైతులకి అందించే బయో ఇన్‌పుట్ రిసోర్స్ సెంటర్ల సంగతి కనుక్కో. 2023 కేంద్ర బడ్జెట్లో దేశమంతా పదివేలు పెడతామన్నారు. ఒంటరిగా కాకుండా నర్సరీ ఆడవాళ్ళు నలుగురిని కలుపుకుని వెళ్ళు.

ఆషాఢంలో మన గట్టు మీద వేపపళ్ళు రాలతాయి. బస్తా పంపిస్తాను, ఆరబెట్టడానికి వసారా ఖాళీ చేయించు.

మీ మావయ్య