వాగును పారించే చదువు: కొలువులుంటాయా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. నేను కంప్యూటర్ సైన్స్ అంటే తను భూగర్భ జలాల చదువంటోంది. మా వాగు నా చిన్నప్పుడు సంక్రాంతి దాటినా పారేది, ఇప్పుడు దీపావళికే ఇసుక తేలుతోంది. దాన్ని మళ్లీ పారిస్తానంటుంది. నాకేమో టెన్షన్. ఆ చదువుకు కొలువులుంటాయా?

జవాబు: కాకతీయుల నాటి పాకాల చెరువుకు దగ్గర్లో పెరిగిన పిల్లకు నీళ్ల చదువు మీద మనసు పోవడంలో వింతేముంది? ముందు వాగు సంగతి చూద్దాం, ఎందుకంటే కొలువు అందులోనే ఉంది.

వానలు వెలిశాక నెలల తరబడి పారేవి ఊట నీళ్లు. చుట్టూ భూమిలో నీటిమట్టం వాగు అడుగు కన్నా పైన ఉన్నంత కాలం అవి వాగులోకి ఊరుతుంటాయి. మట్టం దిగిపోతే పారుడు ఆగిపోతుంది. ఆ తర్వాత పైనుంచి నీళ్లొచ్చినా భూమే తాగేస్తుంది. మీ చిన్నప్పుడు చెలిమె తీస్తే జానెడు లోతులో నీళ్లు కనబడేవి కదా, ఆ మట్టమే ఇది.

మన వైపు చాలా చోట్ల గ్రానైట్. పైన మెత్తబడిన పొర, కింద పగుళ్లు. ఆ మెత్తటి పొరలో 100 లీటర్ల రాయికి మన చేతికొచ్చే నీళ్లు దాదాపు 1 నుంచి 4 లీటర్లే. 2 అనుకుందాం. ఎకరం కింద మట్టం మీటరు పెరిగితే దొరికేది సుమారు 80 వేల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లు పోసే బోరు దాన్ని 8 గంటల్లో తోడేస్తుంది. అందుకే వాన నీళ్లను భూమిలోకి ఇంకించే ఊటకుంట తవ్వినంత మాత్రాన వాగు పారదు. కుంట ఎక్కడ తవ్వాలి, ఇంకిన నీరు ఎటు పోతుంది, వాగు దాకా చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది, యాసంగికి ఎంత తోడొచ్చు అన్న లెక్కలు తేల్చే మనిషే హైడ్రోజియాలజిస్టు.

రాజస్థాన్‌లోని ఆల్వార్ జిల్లాలో అర్వరీ నది ఇలాగే తిరిగి పారింది. 1980ల నుంచి ఊళ్లవాళ్లు జోహడ్‌లనే మట్టికట్టల కుంటలు కట్టుకుంటూ వచ్చారు. ఆ పనికి ముందు నిలిచిన రాజేంద్ర సింగ్‌కు 2001లో మెగసెసే అవార్డు వచ్చింది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఇంకోటుంది: నీళ్లెక్కువ తాగే పంటలు వద్దని 70కి పైగా ఊళ్లు కూర్చుని కట్టుబాటు పెట్టుకున్నాయి. మీ అమ్మాయికి రేపు రాళ్లతో పాటు రైతులతో మాట్లాడటం కూడా రావాలి.

ఇక దారి. ఈ పనికి పునాది జియాలజీ, అంటే భూమినీ రాళ్లనూ చదివే శాస్త్రం. డిగ్రీలో అది ఉన్న కాలేజీలు తక్కువ. హైదరాబాద్ నిజాం కాలేజీ లాంటి చోట్ల ఏ కాంబినేషన్ ఉందో డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో చూసుకోండి. లెక్కలు వదలొద్దు. తర్వాత ఉస్మానియాలోనో, జామ్ పరీక్ష రాసి ఐఐటీలోనో ఎమ్మెస్సీ. దాంతో యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి కేంద్ర భూగర్భ జల మండలికి వెళ్లొచ్చు. రాష్ట్ర భూగర్భ జల శాఖ కూడా ఉంది. నిజం చెప్పాలంటే పోస్టులు కొన్నే, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు. అందుకే కంప్యూటర్‌లో మ్యాపులు గీసి విశ్లేషించే జీఐఎస్, కొంచెం ప్రోగ్రామింగ్ నేర్చుకోమంటాను. పరిశ్రమలకు భూజల అనుమతుల నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, వాటర్‌షెడ్ సంస్థలు, గనులు ఇవి వచ్చినవాళ్ల కోసం చూస్తాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు. ఒకప్పుడు నేనూ జియాలజీ అంటే సింగరేణి అనే చెప్పేవాణ్ణి, ఇప్పుడు అలా చెప్పను.

మీకు భయంగా ఉంటే సివిల్ ఇంజనీరింగ్ చేసి, గేట్ రాసి, ఎంటెక్‌లో జలవనరులు తీసుకోవడం మధ్యేమార్గం. కానీ రాయిని చదవడం అందులో తక్కువ.

ఒక పని పెట్టండి. పదిహేను రోజులకోసారి మీ బావిలో రాయి కట్టిన తాడు వదిలి నీళ్ల లోతు కొలిచి, తేదీ వేసి రాయమనండి. పొద్దున మోటరు వేయకముందే కొలవాలి. వాగు ఆగిన రోజు కూడా రాయాలి. మార్చిలో పరీక్షలయ్యాక ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని, దోస్త్ ఆప్షన్లు పెట్టేలోపు ఇద్దరూ ఒకసారి కూర్చోండి. నాలుగుసార్లు కొలిచి ఆపేసిందంటే మీరన్న కంప్యూటర్ సైన్సే నయం.