ఎమ్మెల్యే రోజంతా ఏం చేస్తారు? అయిదేళ్లు పక్కన ఉండి చూసిన సంగతులు

మీ తమ్ముడు రాజకీయాల్లోకి వెళ్లాలనుకుంటున్నాడని, శాసనసభ్యుడి పని అంటే సభలో మాట్లాడటమా లేక ఊళ్లో పనులు చేయించటమా, దీన్ని ఒక వృత్తిగా ఎంచుకోవచ్చా అని మీరు అడిగారు. నేను 2014 నుంచి 2019 వరకు కోస్తా ఆంధ్రలో ఒక శాసనసభ్యుడి దగ్గర సహాయకుడిగా పనిచేశాను. ఆయన పేరు, పార్టీ, నియోజకవర్గం ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ పార్టీ వారి విషయంలోనైనా దాదాపు ఇంతే.

ఉదయం ఆరున్నరకే ఇంటి ముందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయేవి. పింఛను ఆగిపోయిన వృద్ధురాలు, బదిలీ కోరే ఉపాధ్యాయుడు, సరిహద్దు గట్టు తగాదాతో వచ్చిన అన్నదమ్ములు, కొడుకు పెళ్లి శుభలేఖ పట్టుకొచ్చిన మాజీ సర్పంచి, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో అవసరం. నా బల్ల మీద ఎప్పుడూ మూడు దొంతరలు ఉండేవి: అధికారులకు పేరు పెట్టి నేరుగా రాసే డీవో లెటర్లు, తిరుమల బ్రేక్ దర్శనం సిఫార్సు లేఖలు, ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తులు. మూడో దొంతరే అన్నిటికంటే బరువైనది. వైద్యం అయిపోయిన వారికి ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, రేషన్ కార్డు నకలు జతచేసి పంపితే కొన్ని నెలలకు చెక్కు వచ్చేది. ఆపరేషన్ ఇంకా జరగని వారి సంగతి వేరు, వారికి ముందుగా ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి హామీ ఇచ్చే లేఖ, అంటే ఎల్‌ఓసీ కావాలి. రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి వరండాలోంచి ఫోన్ చేసి, "ఆ కాగితం రేపు పొద్దునకల్లా రాకపోతే అర ఎకరం బేరం పెట్టేస్తాం సార్" అని ఒక తండ్రి అన్నప్పుడు, ఆ లేఖను చిన్న పని అని ఎవరూ అనలేరు.

నా వల్ల జరిగిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. మా తిరుమల లేఖ ఒక తేదీకి ఒక్కటే చెల్లేది. ఒకసారి నేను రిజిస్టరు సరిగా చూసుకోకుండా ఒకే తేదీకి రెండు కుటుంబాలకు లేఖలు ఇచ్చేశాను. రెండో కుటుంబంవారు తలనీలాల మొక్కు తీర్చుకుని, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కౌంటరు దాకా వెళ్లి, బ్రేక్ దర్శనం దొరకక తిరిగి వచ్చారు. తర్వాత మా ఎమ్మెల్యేగారు స్వయంగా వారి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నా, వారు కాఫీ ఇచ్చి మర్యాద చేశారే గాని, మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఆ వీధికి అంతకు ముందే సిమెంటు రోడ్డు వేయించాం, దాన్ని మాత్రం ఎవరూ తలచుకోలేదు.

మధ్యాహ్నం నుంచి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పరామర్శలు. మంచి ముహూర్తాలున్న రోజున పది పన్నెండు పెళ్లిళ్లకు వెళ్లి, ఒక్కో చోట నాలుగు అక్షింతలు వేసి, ఫోటో దిగి, కారులోనే పెరుగన్నం తిన్న రోజులు నాకు గుర్తున్నాయి. పెళ్లికి రాకపోయినా జనం క్షమిస్తారు గాని, చావుకు రాకపోతే క్షమించరు.

ఇక శాసనసభ. 2017 మార్చిలో సమావేశాలు వెలగపూడికి వచ్చేదాకా హైదరాబాదు ప్రయాణమే సగం శ్రమ. సభ ఏడాదిలో జరిగే రోజులు తక్కువ, అందులో మొదటిసారి గెలిచిన సభ్యుడికి మైకు దొరికే నిమిషాలు మరీ తక్కువ. విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, జారీ అయ్యాక ఓటు విషయంలో సొంత ఆలోచనకు చోటు లేదు, 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. మంత్రి పదవి మీద ఆశ ఉంటుంది గాని, రాజ్యాంగం ప్రకారం మంత్రుల సంఖ్య సభలో 15 శాతం దాటకూడదు కనుక 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్ సభలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికే అవకాశం. మిగతా 149 మందికి మిగిలేది నియోజకవర్గం, ఆ షామియానా.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, ఉండేది కాదు. మా తాతగారు సత్తెనపల్లి వైపువారు కావడంతో వావిలాల గోపాలకృష్ణయ్యగారి ప్రస్తావన మా ఇంట్లో తరచు వచ్చేది. 1906లో పుట్టిన ఆయన ఉప్పు సత్యాగ్రహం నాటి మనిషి, బ్రహ్మచారి, ఖద్దరు కట్టి బస్సుల్లో తిరిగినవారు. 1952లో సత్తెనపల్లి నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాదే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి సభ కర్నూలుకు వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో హైదరాబాదుకు చేరింది. ఆయన మాత్రం 1955, 1962, 1967 ఎన్నికల్లోనూ అదే ఊరి నుంచి గెలిచారు. ఒకే నియోజకవర్గానికి ప్రతినిధిగా ఉంటూనే మూడు రాజధానుల్లో మూడు శాసనసభల్లో కూర్చున్న మనిషి అన్నమాట. నందికొండ దగ్గర కృష్ణ మీద ప్రాజెక్టు రావాలని పోరాడినవారిలో ఆయన ముందు వరసలో ఉన్నారు, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ అదే. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది, తరువాతి కాలంలో అధికార భాషా సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. 1992లో పద్మభూషణ్ అందుకున్నారు, 2003లో కన్నుమూశారు.

ఆయనతో పోల్చి ఇప్పటివారిని తిట్టడం తేలిక, నేను ఆ పని చేయను. ఆనాడు ఊళ్లో శిస్తుకైనా, భూమి కాగితానికైనా జనం కరణం, మునసబుల దగ్గరకు వెళ్లేవారు. 1980ల్లో ఆ వ్యవస్థ పోయి మండలాలు వచ్చాయి, ఇల్లు, పింఛను, వైద్యం వంటి పథకాలు ఒక్కొక్కటిగా గడప దాకా వచ్చాయి, వాటికి కాగితం కదిలించగల మనిషి కావలసి వచ్చాడు. ఎమ్మెల్యే ఆ మనిషయ్యాడు. ఆఫీసులో అర్జీ దానంతట అది కదిలే రోజున షామియానా దానంతట అదే ఖాళీ అవుతుందని నా అభిప్రాయం.

వృత్తిగా ఎంచుకోవచ్చా అన్నదానికి నా జవాబు: 25 ఏళ్లు నిండితే పోటీ చేయవచ్చు గాని, దాన్నే జీవనాధారం చేసుకోకూడదు. టికెట్టు చివరి రోజు దాకా ఖాయం కాదు. నియోజకవర్గాల పునర్విభజనలో సొంత సీటే మాయం కావచ్చు, 2009లో చాలామందికి అదే జరిగింది. 2019లో అభ్యర్థి ఖర్చు పరిమితి 28 లక్షలు, తర్వాత 40 లక్షలు చేశారు. అసలు ఖర్చు సంగతి మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. చేతిలో వేరే ఆదాయం లేనివాడు ఒక్కసారి ఓడిపోతే అప్పులవాళ్ల షామియానా వేయాల్సి వస్తుంది.

అయితే ఆ అయిదేళ్లలో మేము చేసిన ఒక పని మాత్రం ఇంకెవరూ చేయలేనిది. మా ప్రాంతంలో ఒక కాలువ చివరి భూములకు నీరు అందేది కాదు. "చివరి ఆయకట్టుకు నీరు అందడం లేదన్న విషయం వాస్తవమేనా, అయినచో కారణాలేమి, మరమ్మతులకు తీసుకున్న చర్యలేమి" అని నక్షత్ర గుర్తు ప్రశ్న, అంటే సభలో మంత్రి నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న, ఒకటి నేను ముసాయిదా రాశాను, మా ఎమ్మెల్యేగారు సంతకం చేశారు. అది జాబితాలో చివర పడింది, ఆ వంతు రాకముందే ప్రశ్నోత్తరాల సమయం అయిపోయింది. సమాధానం సభ ముందు ఉంచినట్టు భావించారు, పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. ఆ సమాధానంలో మొదటి భాగానికి "అవునండి" అని, రెండో భాగానికి షట్టర్లు పాడైనందువల్ల అని, మూడో భాగానికి అంచనాలు తయారయ్యాయని ఉంది. సాధారణంగా "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని వచ్చే చోట ఆ మాత్రం రావడమే గొప్ప.

ఆ కాగితం జెరాక్సు ఒకటి కాలువ చివర నాలుగు ఎకరాలున్న రైతు అడిగి తీసుకున్నారు. పట్టాదారు పాసుపుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఇంజనీరు కార్యాలయానికి వెళ్లిన ప్రతిసారీ బల్ల మీద పరిచి, "మీ మంత్రిగారే అవునన్నారు కదండీ" అనేవారు. షట్టర్లు రావడానికి మరో రెండేళ్లు పట్టింది. అప్పటికి ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి, సెల్లోటేపు అతికించి ఉంది.