అత్యాచారం జరిగాక మా చెల్లి మామూలు మనిషి ఎప్పటికవుతుంది?

జరిగి నెలలు దాటినా మీ చెల్లి గది దాటి రావడం లేదనీ, పెద్దవాళ్ళేమో "మర్చిపో, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటున్నారనీ రాశారు. నాకూ ఇలాగే జరిగింది. మాది ఒంగోలు దగ్గర టంగుటూరు వైపు.

మామూలు మనిషి ఎప్పటికవుతుంది అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మునుపటిలా నవ్వుతూ తిరగకపోయినా మనిషి బతుకుతుంది, బాగానే బతుకుతుంది.

నన్ను నిలబెట్టింది మా పిన్ని. ధైర్యం చెప్పి కాదు, ప్రతిదీ నన్నడిగి. తలుపు వేయనా, తీసి ఉంచనా? అన్నం తింటావా, మజ్జిగ చాలా? జడ వేయాలన్నా ముందు అడిగేది. వద్దంటే దువ్వెన నా పక్కన పెట్టి లేచిపోయేది. మిగతావాళ్ళంతా నా గురించి నన్ను తప్ప ఊరందరినీ అడుగుతున్నారు అప్పుడు. వాడెటూ నా ఇష్టాన్ని లెక్కచేయలేదు, నా మంచి కోరేవాళ్ళూ లెక్కచేయకపోతే ఎలా?

పొగాకు గ్రేడింగ్ మొదలయ్యాక పనికి పోతానన్నాను. నాన్న నలుగురూ ఏమనుకుంటారన్నాడు. పిన్ని మారుమాట్లాడకుండా నాతో ఆటో ఎక్కింది. ఆ ఘాటు చేతులకు పట్టిందంటే సబ్బుతో రుద్దినా పోదు. ఒంటికి నా కష్టం వాసన పట్టిందిలే అని అదో తృప్తి. కూలి డబ్బులు చేతిలో పడ్డ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మళ్ళీ కొన్నాళ్ళకు భయం తిరిగొచ్చింది. వస్తుంది, పోతుంది. మీ చెల్లికీ వస్తే మొదటికొచ్చిందని కంగారుపడకండి.

ఇక కేసు సంగతి. నన్ను స్టేషన్‌లో "ఇన్నాళ్ళూ ఏం చేశావ్" అన్నారు. ఆ మాటకు జంకొద్దు, అత్యాచారం కేసుకు కాలపరిమితి లేదు. ఏ స్టేషన్‌కు వెళ్ళినా జీరో ఎఫ్ఐఆర్ (నేరం తమ పరిధిలో జరగకపోయినా రాసుకునే కేసు) కట్టాల్సిందే. వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి, మీ చెల్లి కోరితే ఇంటికొచ్చి తీసుకోవాలి. వైద్యపరీక్షలో యోనిలో వేళ్ళు పెట్టి చూసే రెండు వేళ్ళ పరీక్ష కూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, 2022లో ఇంకా గట్టిగా చెప్పింది. ఆమె పేరు బయటపెట్టడం నేరం, ఈ ముక్క మీ బంధువులకూ చెప్పండి. దారి తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

అయితే ఆ ఫోన్ చేయాలో వద్దో కూడా ఆమెనే అడగండి. ఇవాళ వద్దన్న మనిషి వచ్చే నెల సరే అనొచ్చు. పెళ్ళి మాట మాత్రం తనంతట తాను ఎత్తేదాకా ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూసుకోండి.